దారి బాగుచేసినవాడు, గుంతలో పడినవాడు

(చదువవలసిన వేదభాగములు: నిర్గమకాండము 21:33-34; ద్వితీయోపదేశకాండము 19:1-6; యెషయా 58:9-12)



మంచిపనికి పూనుకొన్నవాని చేతిలో పొరపాటున ఒకనికి దెబ్బ తగిలినయెడల ఆ దెబ్బకు ఎవరు ఉత్తరవాదులు? కూలి తీసికొనక, పేరు కోరక, ఊరి మేలుకొరకు చెమట కార్చినవానిని న్యాయస్థానము ముందర నిలువబెట్టవచ్చునా? నిలువబెట్టరాదందుమా, దెబ్బ తిన్నవాని గతి యేమి? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరికినది కాదు. మా ఊరి గుట్ట దారిలో ఎదురైనది.

మా ఊరికి పడమట ఒక చిన్న గుట్ట యున్నది. పునరుత్థాన పండుగనాడు తెల్లవారకమునుపే సంఘమంతయు ఆ గుట్టపైకి ఎక్కి సూర్యోదయారాధన జరుపుకొనుట మాకు వాడుక. తక్కిన దినములలో ఆ దారి అందరిది. గొర్రెలు మేపువారు, కట్టెలకు పోవువారు, సాయంకాలము చల్లగాలికి ఎక్కు పడుచువారు, సెలవులకు వచ్చి ఫోటోలు తీసికొనువారు, అందరును దానిమీదనే నడుతురు. కొన్ని యేండ్ల క్రిందట వానకు ఆ దారి కోసుకొనిపోయి రాళ్లు తేలెను. పండుగ రెండు వారములున్నదనగా మన యువజనులు పదిమంది గడ్డపారలు, సలికెలు తీసికొని దారి బాగుచేయ బయలుదేరిరి. కంప కొట్టిరి. రాళ్లు ఏరి ప్రక్కన పేర్చిరి. దారి ప్రక్కనే గరుసు త్రవ్వి గోతులలో పోసి అణగద్రొక్కిరి. గరుసు త్రవ్వినచోట నడుములోతు గుంత పడెను. అప్పటికి శనివారము పొద్దు గూకుచుండెను. "రేపు ఆదివారము గదా, సోమవారము వచ్చి పూడ్చుదము" అని చెప్పినవాడను నేనే.

ఆదివారము చీకటిపడినతరువాత ఒక గొర్రెల కాపరి మందను తోలుకొని ఇంటికి వచ్చుచు ఆ గుంతలో పడెను. ఆయన మన సంఘస్థుడు కాడు. వయస్సు చెల్లిన పెద్దాయన. కాలు విరిగెను. ఆ రాత్రియే ఆటోలో ఆసుపత్రికి చేర్చితిమి.

మరునాటి సాయంకాలము మందిరములో కూడినప్పుడు రెండు మాటలు వినబడెను. ఒక పడుచువాడు లేచి, "అయ్యగారూ, మేమేమన్నా కూలికి పోయినామా? దేవుని పనికి ఊరకే పోయినాము గదా. నడిచేటోడు చూసుకొని నడవద్దా?" అనెను. వెనుక కూర్చున్న ఒక తల్లి కన్నీరు తుడుచుకొనుచు, "నా కొడుకు పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాసినాడు. కేసు అయితే వాని బతుకేం కావాల? ఇంకమీదట ఇట్లాంటి పనులకు వాన్ని పిలవొద్దండయ్యా" అనెను.

ఈ రెండు మాటలలోను కొంత న్యాయము లేకపోలేదు. అయినను రెండును మనలను తప్పుదారికి త్రిప్పును. ఊరకే చేసినవానికి ఉత్తరవాదిత్వము లేదనునది మొదటి మాట. ఉత్తరవాదిత్వమే ఉన్నయెడల మేలు చేయుట మానుకొందమనునది రెండవ మాట. ఈ రెంటికి నడుమ క్రైస్తవుడు నడువదగిన దారి ఉన్నదా యని వెదకితిని. దొరికినది మీ యెదుట పెట్టుచున్నాను.

దారి బాగుచేయుట మన దేశమున మిక్కిలి పాతదియు గౌరవము గలదియునైన పని. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెను. నేటికిని ఉగాది పండుగకు కర్ణాటకనుండి వేలమంది ఆత్మకూరు వైపునుండి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలము చేరుదురు. దారిపొడుగున వారికి మంచినీళ్లు, మజ్జిగ, అన్నము ఊరకే పెట్టువారున్నారు. చెన్నపట్టణపు దొరతనము నాడు చెరువులు, కాలువలు బాగుచేయుటకు ఊరివారు కలిసి చేయు పనికి కుడిమరామత్తు అను పేరుండెను. కట్టకు గండిపడు ఆపద వచ్చినప్పుడు ఊరివారు పనికి రావలెనని 1858లో చట్టము కూడ చేసిరి. స్వాతంత్ర్యము వచ్చినతరువాత 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకములు ప్రారంభమాయెను. అప్పటినుండి శ్రమదానమను మాట ఊరూర వినబడెను. మన పెద్దలలో అనేకులు ఆ దినములలో తట్టలు మోసి దారులు వేసినవారే. గనుక ఆ తల్లి కోరినట్లు ఈ పనిని విడిచిపెట్టినయెడల మన పెద్దలు మోసిన భారమును మనము దించివేసినవారమగుదుము.

అయితే ఆ తల్లి భయము ఉత్త భయము కాదు. నేటి చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొందము. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారము నిర్లక్ష్యపు పనివలన ఒకని ప్రాణము పోయినయెడల 5 సంవత్సరముల వరకు చెరసాల శిక్ష వేయవచ్చును. పాత శిక్షాస్మృతిలో ఇది 2 సంవత్సరములే. కూలికి చేసితివా, ఊరకే చేసితివా యని ఆ సెక్షను అడుగదు. కాని అదే చట్టములో 18వ సెక్షను ఉన్నది. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతిలో అది 80వ సెక్షనుగా నుండెను. న్యాయమైన పనిని, న్యాయమైన రీతిలో, తగిన జాగ్రత్తతో చేయుచుండగా, చెడు తలంపు లేకుండ, దైవికముగా ప్రమాదము జరిగినయెడల అది నేరము కాదని దాని భావము. సద్భావముతో చేసితినని చెప్పుకొనువాని విషయమై కూడ చట్టము ఒక మాట గట్టిగా చెప్పుచున్నది. తగిన జాగ్రత్తయు శ్రద్ధయు లేకుండ చేసినది సద్భావముతో చేసినది కానేరదు. సోదరులారా, ఈ మాటను మనస్సున నిలుపుకొనుడి. నా ఉద్దేశము మంచిది యని చెప్పుట చాలదు. ఉద్దేశము మంచిదైనయెడల ఆ మంచితనము చేతిపనిలో జాగ్రత్తగా కనబడవలెను.

సాయము చేయువానికి చట్టము అండగా నిలిచిన సందర్భమును మన దేశమునందే చూచుచున్నాము. రోడ్డుమీద దెబ్బ తగిలి పడియున్నవానిని ఆసుపత్రికి చేర్చుటకు జనులు జంకుచుండిరి. పోలీసులు పలుమారులు పిలుతురేమో, ఆసుపత్రివారు డబ్బు కట్టుమందురేమో యని వారి భయము. ఇట్లు సాయము చేయువారిని బాధింపకూడదని కేంద్ర ప్రభుత్వము 2015లో నియమములు ప్రకటించెను. 2016 మార్చి 30వ తేదీన సుప్రీంకోర్టు ఆ నియమములను అందరును పాటింపవలసినవిగా చేసెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134ఎ అను సెక్షను చేర్చిరి. ప్రతిఫలము కోరక, సద్భావముతో, ప్రమాదములో పడినవానికి సాయపడినవాని చేతిలో పొరపాటు జరిగినను అతనిమీద సివిలు దావా గాని క్రిమినలు కేసు గాని నిలువదని ఆ సెక్షను చెప్పుచున్నది. అట్టివానికి ఆ చట్టము పెట్టిన పేరు మన ప్రభువు చెప్పిన ఉపమానమునుండి వచ్చినదే. మంచి సమరయుడు అనియే వారు పిలిచిరి. కాని ఈ అండ రోడ్డు ప్రమాదమునకే పరిమితము. గుట్టకు దారి వేయువానికి, వంక దాటుటకు బండలు పరచువానికి ఇది వర్తింపదు. స్వచ్ఛందముగా పనిచేయు వారినందరిని ఒకే నీడక్రింద కాపాడు చట్టము మన దేశమునకు లేదు.

ఇతర దేశములు ఈ విషయమై మనకంటె ముందుగా ఆలోచించినవి. అమెరికాలో అపలేచియన్ కొండలపై 14 రాష్ట్రములగుండ సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట యున్నది. 1921లో బెంటన్ మెకై అనునతడు దానిని తలపెట్టెను. 1937లో అది పూర్తియాయెను. ఉల్లాసముకొరకు నడచువారి ఆ బాటను నేటికిని బాగుచేయుచున్నవారు చాలవరకు జీతము లేని సేవకులే. ప్రభుత్వపు అడవులలో ఇట్లు పనిచేయువారికొరకు అక్కడ 1972లో ఒక చట్టము చేసిరి. సేవకునికి పనిలో దెబ్బ తగిలినను, అతనివలన ఇతరులకు నష్టము కలిగినను, అతడు ప్రభుత్వ ఉద్యోగితో సమానముగా ఎంచబడును. నష్టపరిహారపు భారము ప్రభుత్వము వహించును. తరువాత 1997లో ధర్మసంస్థల సేవకులందరికొరకు మరియొక చట్టము వచ్చెను. అప్పగించిన పనిలో సామాన్యమైన పొరపాటు జరిగినయెడల సేవకుడు సొంతముగా ఉత్తరవాది కాడు. కాని బుద్ధిపూర్వకముగా చేసిన కీడుకు, మితిమీరిన నిర్లక్ష్యమునకు ఆ అండ లేదు. అంతేగాక సేవకుడు తప్పించుకొన్నను అతనిని పంపిన సంస్థ తప్పించుకొనదు. ఇంగ్లండులో 2015లో చేసిన చట్టము ప్రకారము ఇట్టి దావా విచారించు న్యాయాధిపతి, ఆ మనుష్యుడు సమాజపు మేలుకొరకు పనిచేయుచుండెనా, జాగ్రత్త గలవాడై నడుచుకొనెనా యని తప్పక చూడవలెను.

ఈ చట్టములన్నిటిలోను ఒక సంగతి కనబడుచున్నది. మేలు చేయువానిని భయమునుండి కాపాడవలెను. అయితే గుంతలో పడినవాని నష్టము గాలిలో కలిసిపోదు. అది ఎవరిదో ఒకరి భుజముమీద పడవలెను. మోయుటకు మరి యెవరును లేనప్పుడు ఆ భారమంతయు విరిగిన కాలిమీదనే పడును. దీనినే మొదటి పడుచువాడు మరచెను.

ఇప్పుడు దేవుని వాక్యమునొద్దకు వత్తము. నిర్గమకాండములో గోతినిగూర్చి ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. ఒకడు గోయి త్రవ్వి కప్పకపోగా దానిలో ఎద్దు గాని గాడిద గాని పడినయెడల, గోతి యజమానుడు ఆ నష్టమును అచ్చుకొనవలెను. గోయి ఎందుకు త్రవ్వితివని ధర్మశాస్త్రము అడుగుట లేదు. నీళ్లకొరకు త్రవ్వియుండవచ్చును. త్రవ్వుట తప్పు కాదు. కప్పకపోవుట తప్పు. మన కర్నూలు, కడప జిల్లాలలో నీరు పడని బోర్లు ఎన్నో మీకు తెలియును. విడిచిన బోరులో పసిబిడ్డలు పడి చనిపోవుచుండగా సుప్రీంకోర్టు 2010లో వాటిచుట్టు కంచె వేయవలెననియు, పనికిరాని బోర్లను పూడ్చవలెననియు ఆజ్ఞాపించెను. మోషే చేత వ్రాయబడిన ఆజ్ఞలోని న్యాయమే ఇందులోను ఉన్నది.

ద్వితీయోపదేశకాండము 22:8లో మిద్దెకు పిట్టగోడ కట్టుమను ఆజ్ఞ ఉన్నది. వేసవిలో మిద్దెలమీద పండుకొను మనకు దానిని వివరింపనక్కరలేదు. మన యింటికి వచ్చువాడు పడకుండ ముందుగానే ఆలోచించుట ప్రేమలో ఒక భాగము.

మరియొక ప్రక్క చూడుడి. అదే గ్రంథము 19వ అధ్యాయములో ఇద్దరు మనుష్యులు కట్టెలు కొట్టుటకు అడవికి పోవుదురు. ఒకడు గొడ్డలి ఎత్తగా ఇనుము పిడినుండి ఊడి ప్రక్కవానికి తగిలి వాడు చచ్చును. కొట్టినవానికి వానిమీద పగ లేదు. అట్టివాడు పారిపోయి బ్రదుకుటకు దేవుడు ఆశ్రయపురములను ఏర్పాటు చేసెను. అంతమాత్రమే కాదు, ఆ పురములకు చేరు దారులను సిద్ధపరచుమని కూడ ఆజ్ఞాపించెను. దారి బాగులేక నిరపరాధి మార్గములోనే చంపబడకూడదు. చేతిపనిలో పొరపడినవానికి దేవుడు ఎంత కనికరముతో నీడ చూపెనో చూచితిరా? అయితే ఆశ్రయపురమునకు చేరినవాడు ఏమియు జరుగనట్లు మరునాడే ఇంటికి పోలేదు. సమాజము విచారించవలెను. అతడు ప్రధానయాజకుని మరణము వరకు ఆ పురములోనే నివసింపవలెను. ప్రాణము దక్కినది, కాని ఒకడు చనిపోయెనను సంగతి మరుగున పడలేదు.

గోతినిగూర్చిన ఆజ్ఞయు ఆశ్రయపురమును ఒకే దేవుని నోటినుండి వచ్చినవి. ఒకటి దెబ్బ తిన్నవాని పక్షము వహించును. రెండవది దెబ్బ తగిలించినవాని పక్షము వహించును. మనము ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడువరాదు. చట్టము మనలను శిక్షనుండి తప్పించవచ్చును. పొరుగువానినుండి తప్పించలేదు. నామీద కేసు లేదని తెలిసిన ఘడియలో నా బాధ్యత తీరినదని తలంచినయెడల, యెరికో దారిలో ప్రక్కగా తొలగిపోయిన యాజకునితో నేను సమానుడనగుదును. వాస్తవమునకు నేను అతనికంటె చెడ్డవాడను. అతడు ఆ దెబ్బలు కొట్టినవాడు కాడు. ఆ గుంత విడిచిపెట్టుమన్నవాడను నేను.

"ఇంత భారము పెట్టినయెడల పనికి ఎవరు వత్తురు?" అని మీరడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. ఇరువది యేండ్ల పడుచువాడు ఒక దినము సలికె పట్టినందుకు అతని తండ్రి ఎకరము పొలము అమ్ముకొనవలసివచ్చినయెడల అది న్యాయము కాదు. దీనికి పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో జవాబున్నది. ఒకచోట ఒకరి భారములను ఒకరు మోయుడని చెప్పును. కొంచెము క్రిందనే ఎవని బరువు వాడే మోసికొనవలెనని చెప్పును. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. జాగ్రత్తగా పనిచేయుట, తప్పు ఒప్పుకొనుట, పడినవాని యింటికి వెళ్లుట, ఇవి ఎవని బరువు వానివే. ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి, ఇవి సంఘము మోయవలసిన భారము. పని సంఘము పేరిట జరిగినప్పుడు నష్టమును సంఘము పేరిటనే వ్రాసికొనవలెను. ఒనేసిము అచ్చియున్నది తన లెక్కలో వేయుమని పౌలు ఫిలేమోనుకు వ్రాయలేదా?

ఆ సోమవారపు కూటములో నేను మొదట నా తప్పు ఒప్పుకొంటిని. తరువాత పెద్దలును యువజనులును కలిసి ఆసుపత్రికి పోతిమి. "పెద్దాయనా, ఆ గుంత విడిచిపెట్టమన్నవాడిని నేనే. క్షమించు. ఖర్చు సంఘము పెట్టుకొంటుంది" అని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "లెక్కదేముందిలే అయ్యగారూ. ముందు ఆ గుంత పూడ్పీండి, నా మాదిరి ఇంకొకరు పడకుండా. గొర్లను ఎవరు మేపుతారో అదే నాకు దిగులు" అనెను. అంతటితో మాకు పని తెలిసెను. నిర్గమకాండము 21:19లో గాయపడినవానికి వైద్యము చేయించుటయే గాక పనిలేక పోయిన కాలమునకు కూడ ఇచ్చుకొనవలెనని యున్నది. ఆయన కాలు కూడుకొనువరకు మన పడుచువారు వంతులు వేసికొని ఇద్దరిద్దరుగా ఆ మందను మేపిరి. మొదటి వంతు అడిగి తీసికొన్నవాడు, నడిచేటోడు చూసుకొని నడవద్దా అనినవాడే. ఆ తల్లి కొడుకును వచ్చెను. తల్లి ఆపలేదు.

సోదరులారా, మీ సంఘములలో ఇట్టి పనికి పూనుకొనునప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసికొనుడి. దారి పంచాయతీదైనయెడల సర్పంచుతోను కార్యదర్శితోను ముందుగా మాట్లాడి అనుమతి వ్రాయించుకొనుడి. అడవి భూమియైనయెడల అటవీశాఖవారి అనుమతి లేక గడ్డపార దించకుడి. పని తెలిసిన పెద్దవానిని ఒకనిని మేస్త్రిగా నిలువబెట్టుడి. గొడ్డలి పిడి బిగువుగా నున్నదో లేదో ప్రొద్దుననే చూడుడి. త్రవ్విన గుంతను అదే దినము పూడ్చుడి. పూడ్చలేకపోయినయెడల చుట్టు కంప వేసి, తెల్లగుడ్డ కట్టి, ఊరిలో దండోరా వేయించుడి. పనిచేయువారికే దెబ్బ తగులవచ్చునని కూడ తలంచుడి. 2005వ సంవత్సరపు ఉపాధి హామీ చట్టములో పనిచోట గాయపడిన కూలివానికి ఉచిత వైద్యము చేయించవలెనని వ్రాసిరి. శ్రమదానము చేసినవానికి అట్టి అండ లేదు. గనుక 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమాలో మన పడుచువారిని చేర్పించుడి. 18నుండి 70 యేండ్లవరకు బ్యాంకు ఖాతా గలవారు చేరవచ్చును. సంవత్సరమునకు 20 రూపాయలు. ప్రమాదమున ప్రాణము పోయినయెడల కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. కాలు విరిగి మరల కూడుకొన్నయెడల దానికి ఈ బీమా చెల్లింపదు గనుక, కోతపండుగ కానుకలలో కొంత భాగమును ఇట్టి ఆపదకొరకు వేరుగా దాచుడి.

యెషయా ప్రవక్త నిజమైన ఉపవాసమునుగూర్చి చెప్పుచు, దేవుని ప్రజలకు ఒక పేరు రానున్నదని చెప్పెను. జనులు నివసించునట్లు త్రోవలను బాగుచేయువారని వారు పిలువబడుదురు. ఆ పేరు వచ్చుటకు ముందు ఆకలిగొన్నవానికి ఆహారమిచ్చుట, బాధపడినవానిని తృప్తిపరచుట చెప్పబడినవి. దారి బాగుచేయు పనిలో ఆ దారిన పడినవానిని లేపుట కూడ చేరియున్నది.

ప్రార్థన: మా పాదములకు దారియైన ప్రభువా, మేలు చేయుటకు మాకు ధైర్యము నిమ్ము. చేయునప్పుడు జాగ్రత్త నిమ్ము. మా చేతులవలన కీడు కలిగినప్పుడు దాగుకొనక పొరుగువాని గడప త్రొక్కు దీనమనస్సు నిమ్ము. ఆమేన్.